బడి లైబ్రరీని బీరువాలోంచి పిల్లల చేతుల్లోకి తేవడం ఎలా?

మన వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి వైపు సర్కారు బళ్లలో కథల పుస్తకాలు అసలే లేని బడి తక్కువ. బడి విద్యకు కేంద్రం నడిపే సమగ్ర శిక్ష పథకం కింద వచ్చినవి కొన్ని, పూర్వ విద్యార్థులు ఇచ్చినవి కొన్ని, ఎప్పుడో గ్రాంటుతో కొన్నవి కొన్ని ఉంటాయి. చాలాచోట్ల అవి ఉండేది హెచ్‌ఎం గదిలోని ఇనుప బీరువాలో. తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఆ టీచర్ సెలవు పెడితే ఆ రోజు లైబ్రరీకీ సెలవే.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలని, అందులో వార్తాపత్రికలు, మ్యాగజైన్లు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలతో పాటు కథల పుస్తకాలు కూడా ఉండాలని స్పష్టంగా రాశారు. లైబ్రేరియన్ మాత్రం మన బళ్లలో దాదాపు ఉండరు. ఆ బాధ్యత ఒక ఎస్‌జీటీ (ప్రైమరీ తరగతుల టీచర్) మీదో, తెలుగు టీచర్ మీదో పడుతుంది. ఉన్న పాఠాలే అవ్వక టెన్షన్ పడుతుంటే ఇదొకటా అనిపించడం సహజం. అందుకే ఉన్న టైములో, ఉన్న మనుషులతో నడిచే పద్ధతినే ఇక్కడ చెబుతున్నాను.

వరస ముఖ్యం. ముందు పుస్తకాలు బయటికి రావాలి, తర్వాత టైంటేబుల్‌లో పీరియడ్ పడాలి, ఆ తర్వాతే ఫోను, ప్యానెల్ (తరగతి గదిలోని పెద్ద టచ్ తెర), యాప్‌లు. పుస్తకం చేతిలో పట్టుకునే అలవాటు లేని పిల్లలకు మొదటే తెర చూపిస్తే వాళ్లు బొమ్మలు చూస్తారు, చదవరు.

మొదటి పని: బీరువా మొత్తం ఖాళీ చేయండి

ఒక శనివారం మధ్యాహ్నం పెట్టుకోండి. పై తరగతుల పిల్లల్ని ఓ పది మందిని పిలవండి. పుస్తకాలన్నీ తెచ్చి వరండాలో చాప మీద పరిస్తే అసలు మీ దగ్గర ఏముందో అప్పుడు తెలుస్తుంది. మూడు కుప్పలు చేయండి. పిల్లలు చదవగలిగినవి ఒక కుప్ప. టీచర్లకు పనికొచ్చే డిక్షనరీలు, రిఫరెన్సులు, మాడ్యూళ్లు రెండో కుప్ప. పాత సిలబస్ పాఠ్యపుస్తకాలు, ఏళ్ల కిందటి గైడ్లు, ఎవరూ తెరవని నివేదికలు, చెదలు తిన్నవి మూడో కుప్ప. మూడో కుప్పే అన్నిటికన్నా పెద్దగా ఉంటే ఆశ్చర్యపోకండి, బీరువాలో సగం చోటు తినేసేది అదే.

చెదలు పట్టిన పుస్తకాన్ని మంచివాటితో కలిపి ఒక్క రాత్రి కూడా ఉంచకండి. అట్ట లోపలి వైపు, కుట్టు దగ్గర మట్టి గీతలా కనిపిస్తే అది చెదే. బీరువా గోడకు ఆనుకొని ఉంటే జానెడు ముందుకు జరిపి, కాళ్ల కింద ఇటుకలు పెట్టించండి. వానాకాలంలో గోడ చెమ్మగిల్లి అట్టలు బూజు పడతాయి కాబట్టి ఎండ కాసిన రోజు తలుపులు తెరిచి గాలి తగలనివ్వాలి.

మూడో కుప్పను మీ అంతట మీరు పారేయకండి. జాబితా రాసి, హెచ్‌ఎంతో మాట్లాడి, బడి యాజమాన్య కమిటీ సమావేశంలో తీర్మానం రాయించి, ఆ నంబర్లు స్టాక్ రిజిస్టర్‌లో కొట్టేయించాలి. ఈ పని కాస్త విసుగే. కానీ ఒకసారి పూర్తయితే తర్వాత వచ్చే టీచర్‌కు చార్జి అప్పగించేటప్పుడు మీకు ఏ ఇబ్బందీ ఉండదు.

పోతాయేమోనన్న భయం గురించి

తాళం వెనకున్న అసలు కారణం ఇదే, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. "పుస్తకం పోతే రికవరీ ఎవరి జీతంలోంచి?" అన్న ప్రశ్న స్టాఫ్‌రూంలో తప్పకుండా వస్తుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 215వ నియమం ఏం చెబుతుందో చూడండి. ఏడాదిలో ఇచ్చిన లేదా చూసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం సహజమేనని, అందులో మోసం గానీ నిర్లక్ష్యం గానీ లేకపోతే చాలని ఉంది. వెయ్యి రూపాయల ధర దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం తప్పకుండా విచారణ చేయాలంటుంది. ఇది మన రాష్ట్ర బడుల కోసం రాసిన నియమం కాదు. అయినా లైబ్రరీలో కొన్ని పుస్తకాలు పోతాయని ప్రభుత్వమే ఒప్పుకుందన్న సంగతి ఎంఈఓ (మండల విద్యాధికారి) దగ్గర, కమిటీ దగ్గర చెప్పడానికి పనికొస్తుంది.

పిల్లల పుస్తకాలు చాలావరకు వంద రూపాయల లోపువే. చదివి చదివి చిరిగిన పుస్తకం తన పని తాను చేసినట్టే. పదేళ్లయినా అట్ట మెరుస్తూ ఉంటే దాని మీద పెట్టిన డబ్బు పూర్తిగా వృథా. ఈ మాట సంవత్సరం మొదట్లోనే హెచ్‌ఎం, తోటి టీచర్లు, కమిటీ సభ్యులు కూర్చున్నప్పుడు బయటికి చెప్పేయండి. "ఇన్ని పోతాయి, ఇన్ని చిరుగుతాయి, అయినా ఇస్తాం" అని మినిట్స్ బుక్‌లో రాయిస్తే సగం భయం అక్కడే తగ్గుతుంది.

పిల్లల దగ్గర జరిమానా వసూలు చేయకండి. పది రూపాయల జరిమానా పెడితే పుస్తకం పోగొట్టిన పిల్లే కాదు, చూసిన మిగతా పిల్లలు కూడా తీసుకోవడం మానేస్తారు. పుస్తకం పోతే ఆ పిల్లతో ఆ కథ మొత్తం గుర్తున్నంత వరకు తెల్లకాగితం మీద రాయించి, బొమ్మలు వేయించి, కుట్టి, అదే నంబరుతో షెల్ఫులో పెట్టండి.

నంబర్లు, రంగులు

పెద్ద లైబ్రరీల్లో పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో వర్గీకరించే డ్యూయీ దశాంశ పద్ధతి గొప్పదే. మూడు నాలుగు వందల పుస్తకాలున్న బడికి మాత్రం అది అక్కర్లేదు, లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. ఒక పొడుగు రిజిస్టర్ చాలు. వరస నంబరు, పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, ధర, ఎక్కడి నుంచి వచ్చింది, రంగు అని కాలమ్‌లు గీయండి. అదే నంబరు పుస్తకం లోపలి పేజీ మీద, బడి ముద్ర పక్కన రాయండి. ఓపికుంటే అదే జాబితాను గూగుల్ షీట్‌లోకి ఎక్కించండి, తర్వాత వెతకడం తేలికవుతుంది.

రంగు అంటే చదువు స్థాయి. ఇది తరగతిని బట్టి కాకుండా పిల్లవాడి చదువును బట్టి ఉండాలి. అయిదో తరగతిలో ఉండి గుణింతాల దగ్గర ఆగే పిల్లలు మన బళ్లలో ఉన్నారని పిల్లలకు చదవడం, లెక్కలు పునాది నుంచి నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలైన 2022 నుంచి ప్రైమరీ టీచర్లందరికీ తెలుసు. తెలుగులో చదవడం ఎక్కడ కష్టమవుతుందో చూసి రంగులు వేయండి. పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలు, ఒత్తులు దాదాపు లేని మాటలు, పెద్ద బొమ్మలు ఉంటే పచ్చ (ఆకుపచ్చ). ద్విత్వాలు వస్తూ, పేజీకి నాలుగైదు వాక్యాలుంటే ఎరుపు. సంయుక్తాక్షరాలు, పేరాలు ఉంటే నీలం. బొమ్మలు తక్కువగా ఉండి పొడుగు కథలు, జీవిత చరిత్రలు, సైన్సు పుస్తకాలైతే పసుపు. స్టేషనరీ షాపులో దొరికే రంగు టేపు పుస్తకం వీపున కింది భాగంలో చుట్టండి.

ఏ పిల్లకు ఏ రంగు సరిపోతుందో తెలియాలంటే పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ చదివించండి. ఆగిన ప్రతి మాటకూ ఒక వేలు ముడవమనండి. పేజీ అయ్యేలోపు అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి కష్టం, ఒక రంగు కిందికి రావాలి. ఒక్క వేలూ ముడవకపోతే పైకి వెళ్లొచ్చు. "సర్వోత్తమ" దగ్గర ఆగినా "గాలిపటం" గబగబా చదివేసే పిల్ల ఎరుపు పుస్తకంలో హాయిగా ఉంటుంది. ఆమెకు నీలం ఇచ్చి కూర్చోబెడితే రెండో పేజీకే కిటికీలోంచి బయటికి చూస్తుంది. రంగు ఎప్పుడూ ఆజ్ఞ కాకూడదు. పసుపు పుస్తకంలో ట్రాక్టర్ బొమ్మ ఉందని పచ్చ స్థాయి పిల్లవాడు అడిగితే ఇచ్చేయండి, బొమ్మ చూసుకోనివ్వండి.

పుస్తకం ముఖం కనిపించాలి

వీపులు మాత్రమే కనిపించేలా షెల్ఫులో పేర్చితే చిన్నపిల్లలకు అవన్నీ ఒకటే. తరగతి గది గోడకు రెండు మేకులు కొట్టి, నైలాన్ తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పుస్తకాలు అట్ట కనిపించేలా వేలాడదీయండి. తాడు రెండో తరగతి పిల్ల చేతికి అందే ఎత్తులో ఉండాలి. పదిహేను రోజులకోసారి పుస్తకాలు మార్చండి. గది లేకపోతే రేకు ట్రంకు పెట్టె ఒకటి కొని క్లాస్ లైబ్రరీగా వాడొచ్చు. సాయంత్రం మూత వేసేస్తే సరి. వరండాలో తాడు కట్టాలనుకుంటే ఒక జాగ్రత్త. మన ఊళ్లలో కోతుల బెడద ఉండనే ఉంది, సాయంత్రం లాంగ్ బెల్ కాగానే పుస్తకాలు లోపలికి తీయించే పని ఇద్దరు పిల్లలకు అప్పగించండి.

ఇంటికి ఇవ్వడం

నిజమైన లైబ్రరీ ఇక్కడ మొదలవుతుంది. బడిలో నలభై నిమిషాలు చదివే పిల్లకు, పుస్తకం ఇంటికి తీసుకెళ్లే పిల్లకు ఏడాది చివర్లో తేడా మీకే కనిపిస్తుంది.

తరగతికి ఇద్దరు బాల లైబ్రేరియన్లను పెట్టండి. బాగా చదివేవాళ్లనే ఎంచుకోవాలనేం లేదు. నా అనుభవంలో చదువులో వెనకబడ్డ పిల్లలకు ఈ పని ఇస్తే పేర్లు, నంబర్లు రాస్తూ రాస్తూనే చదవడం పట్టుకుంటారు. ఇష్యూ నోట్‌బుక్‌లో తేదీ, పిల్ల పేరు, పుస్తకం నంబరు, తిరిగిచ్చిన తేదీ, ఈ నాలుగు కాలమ్‌లు చాలు. పుస్తకం పేరు రాయించకండి, నంబరు సరిపోతుంది, లేకపోతే పీరియడ్ అంతా రాయడానికే అయిపోతుంది. వారంలో ఒకే రోజు ఇష్యూ పెట్టండి. రోజూ పెడితే రెండు వారాల్లో అలసిపోయి ఆపేస్తారు.

మన పంటల కాలం కూడా లెక్కలోకి తీసుకోవాలి. పత్తి తీతలప్పుడు, మిరప ఏరేటప్పుడు కొందరు పిల్లలు రోజుల తరబడి రారు. పుస్తకం వాళ్ల దగ్గర ఉండిపోతే కంగారు పడకండి. వెంట పడి అడిగితే పుస్తకం వస్తుంది గానీ పిల్ల రాదు. తోటి పిల్లల చేత ఇంకో పుస్తకం పంపండి. బతుకమ్మ, దసరా సెలవులకు, వేసవి సెలవులకు ముందు తలా రెండు మూడు పుస్తకాలు ఇవ్వండి. బీరువా ఆ రోజుల్లో ఖాళీగా ఉండాలి.

"సారూ, ఇది మా నాయినమ్మకు సదివి ఇనిపియ్యాలె, ఇంకో రెండు దినాలు ఉంచుకోనా?" అని పిల్లలు అడుగుతారు. ఉంచుకోమనండి.

లైబ్రరీ పీరియడ్‌లో ఏం చేయాలి

టైంటేబుల్‌లో వారానికి ఒక పీరియడ్ ఉంటుంది, కానీ అది తరచుగా లెక్కలకో స్లిప్ టెస్టుకో పోతుంది. దాన్ని పోనివ్వకుండా చూడటమే మొదటి కష్టం. మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్ అడగండి. దానికోసం సబ్జెక్టు టీచర్లు పెద్దగా పోటీ పడరు.

మొదటి పది నిమిషాలు మీరు పైకి చదివి వినిపించండి. ముందు రోజు ఇంట్లో ఒకసారి గొంతెత్తి చదువుకుని రండి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు మార్చాలో తెలుస్తుంది. అట్ట చూపించి "ఈ మేక ఎటు పోతుండొచ్చు?" అని ఒక్క ప్రశ్న అడగండి, అంతకన్నా వద్దు. చదివేటప్పుడు పుస్తకాన్ని ఛాతీ దగ్గర పక్కకు పట్టుకుని బొమ్మలు పిల్లల వైపు తిప్పాలి. వెనక వరసకు కనిపించకపోతే పిల్లల్ని నేల మీద అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టండి. తర్వాత ఇరవై నిమిషాలు ఎవరి పుస్తకం వాళ్లది. ఆ టైములో మీరూ ఒక పుస్తకం పట్టుకుని కూర్చోండి. టీచర్ కాపీలు దిద్దుకుంటూ పిల్లల్ని చదవమంటే వాళ్లకు అది శిక్షలా అనిపిస్తుంది. చివరి పది నిమిషాలు మాట్లాడుకోవడానికి.

ఆ మాటల్లో ఒక్క ప్రశ్న మాత్రం అడగకండి: "ఈ కథలో నీతి ఏమిటి?" ఆ ప్రశ్న వస్తుందని తెలిస్తే పిల్లలు కథ వినడం మానేసి నీతి కోసం వెతకడం మొదలుపెడతారు. "ఎవరు నచ్చారు? ఎవరి మీద కోపం వచ్చింది? నువ్వైతే ఏం చేస్తుంటివి?" ఇలా అడిగితే నోరు విప్పుతారు. పిల్లలు తమ ఇంటి మాటలో కథ తిరిగి చెబుతుంటే మధ్యలో ఆపి పుస్తక భాషలోకి దిద్దకండి. కాళోజీ నారాయణరావు జీవితమంతా వాదించింది పలుకుబడుల భాష, అంటే జనం మాట్లాడే భాష కోసమే. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు ప్రసంగాలకు బదులు అయిదుగురు పిల్లల చేత వాళ్ల అమ్మమ్మ చెప్పిన కథలు చెప్పించండి.

ములుగు, ఏటూరునాగారం, ఆదిలాబాద్ వైపు కోయ, గోండు, లంబాడీ పిల్లలున్న బళ్లలో ఇది ఇంకా అవసరం. ఈ పిల్లలకు తెలుగు బడి భాషే, ఇంటి భాష కాదు. వాళ్ల భాషలో ఒక కథ చెప్పించి, తెలుగు లిపిలో రాయించి, పక్క పేజీలో తెలుగు రాస్తే ఒక కొత్త పుస్తకం తయారవుతుంది. దానికీ నంబరు వేసి తాడుకు తగిలించండి.

ఇప్పుడు డిజిటల్ వనరులు

ఒక సూత్రం పెట్టుకోండి: పీరియడ్‌లో నెట్ మీద ఆధారపడొద్దు. సిగ్నల్ ఉంటే సంతోషం, కానీ కావలసినదంతా ముందే ఇంట్లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. సర్కిల్ తిరుగుతూ ఉంటే నలభై మంది పిల్లలు అల్లరి మొదలుపెట్టడానికి ఎక్కువ సేపు పట్టదు.

బడి పాఠాల కోసం ప్రభుత్వం తెచ్చిన దీక్షా యాప్ 2017లో వచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో పాఠాల పక్కన కనిపించే క్యూఆర్ కోడ్‌లు దానికోసమే. యాప్ తెరిచి రాష్ట్రం, మీడియం, తరగతి ఎంచుకోండి. స్కాన్ గుర్తు నొక్కి కెమెరాను కోడ్ మీద పెడితే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. నచ్చినదాన్ని డౌన్‌లోడ్ చేస్తే తర్వాత నెట్ లేకుండానే నడుస్తుంది. అన్ని వీడియోలూ బాగుంటాయని చెప్పను. కొన్ని పాఠాన్నే మళ్లీ చదివి వినిపిస్తాయి. ముందు మీరు పూర్తిగా చూడండి, పనికొచ్చే మూడు నాలుగు నిమిషాల ముక్క ఎక్కడుందో టైము రాసుకోండి, అంతే చూపించండి. నిష్ఠా వంటి టీచర్ ట్రైనింగ్ కోర్సులు కూడా దీక్షాలోనే నడుస్తాయి కాబట్టి చాలామందికి లాగిన్ ఉండే ఉంటుంది.

కథల పుస్తకాలకు స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన ఈ వేదిక మీద తెలుగు కథలు బోలెడు ఉన్నాయి. భాష తెలుగు అని ఎంచుకుని, ఒకటి నుంచి నాలుగు వరకు ఉన్న స్థాయిల్లో కావలసినది నొక్కండి. మీరు వేసుకున్న నాలుగు రంగులకు ఈ నాలుగు స్థాయిలు ఇంచుమించు సరిపోతాయి. ఖాతా తెరిచి పీడీఎఫ్ దించుకోవచ్చు. ఈ కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి. రచయిత, చిత్రకారుల పేర్లు, లైసెన్సు వివరాలు అలాగే ఉంచితే ప్రింటు తీయవచ్చు, అనువాదం చేయవచ్చు, మీ పిల్లల మాటలోకి మార్చవచ్చు. పుస్తకాలు తక్కువున్న బడికి ఇంతకన్నా తేలిక దారి నాకు తెలియదు. ఒక కథను ఏ4 కాగితాల మీద ప్రింటు తీసి, మధ్యలో మడిచి కుట్టి, అట్ట వేస్తే పుస్తకం రెడీ.

పై తరగతులకు వికీపీడియా అవసరం పడుతుంది. నెట్ లేనిచోట కివిక్స్ అనే ఉచిత ప్రోగ్రాం వాడండి. తెలుగు వికీపీడియా ఫైలు ఒకసారి దించుకుంటే స్కూల్ కంప్యూటర్‌లో నెట్ లేకుండానే వెతుక్కుని చదవొచ్చు. పాత తెలుగు పద్యాలు, శతకాలు కావాలంటే తెలుగు వికీసోర్స్ చూడండి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ టీచర్లకు, ఇంటర్ పిల్లలకు ఎక్కువ ఉపయోగం. రాష్ట్ర ప్రభుత్వం పాఠాలు ప్రసారం చేసే టీ-శాట్ చానెళ్లు, యాప్ మనకు తెలిసినవే. ప్రసారం టైముకు పీరియడ్ కుదరదు కాబట్టి రికార్డయిన పాఠాలే వాడుకోవాలి.

పెన్‌డ్రైవ్‌ను మాత్రం శ్రద్ధగా సర్దుకోండి. తరగతి పేరుతో ఫోల్డర్, అందులో సబ్జెక్టు, అందులో పాఠం నంబరుతో మొదలయ్యే ఫైలు పేరు ఉండాలి. "వాట్సాప్ వీడియో" అని మొదలయ్యే పేర్లు ఉంటే ప్యానెల్ ముందు నిలబడి వెతుక్కోవాల్సి వస్తుంది. ఇంకో కాపీ ఇంట్లో ఉంచండి. తోటి టీచర్లు పంపే వర్క్‌షీట్లు అను ఫాంట్లలో టైప్ చేసినవైతే, ఆ ఫాంటు లేని మీ కంప్యూటర్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తాయి, అవి పీడీఎఫ్ చేసి పంపమనండి. మీరు టైప్ చేసేవి ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే చేయండి. ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఇప్పుడు చాలావరకు సరిగ్గానే వస్తోంది, పేర్లు, ఒత్తులు ఒకసారి దిద్దుకుంటే చాలు.

ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) ఉన్న హైస్కూళ్లలో సినిమా చూపించినట్టు వీడియో పెట్టి వదిలేయకండి. కథ పీడీఎఫ్ తెరిచి, పెద్ద అక్షరాలు చేసి, పిల్లలు వంతులవారీగా వచ్చి చదివితే వెనక బెంచీ దాకా అందరికీ ఒకే పుస్తకం. కొత్త మాట కింద ప్యానెల్ పెన్నుతో గీత గీయమనండి. పిల్లల చేతికి మీ ఫోను ఒంటరిగా ఇవ్వకండి. యూట్యూబ్ నేరుగా తెరవకండి, పాఠం మధ్యలో వచ్చే ప్రకటనలు మన చేతుల్లో ఉండవు.

వాట్సాప్ గ్రూపుల్లో స్కాన్ చేసిన పుస్తకాలు తిరుగుతుంటాయి. రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటని పుస్తకానికి మన దేశంలో కాపీరైట్ ఉంటుంది. అలాంటివి పంచకండి. తెలుగులో పిల్లల కోసం రాసేవాళ్లే తక్కువ, వాళ్ల పుస్తకాలు కొనేవాళ్లలో బడి తప్పకుండా ఉండాలి.

పుస్తకం, తెర, ఊరు కలిపి ఒక పాఠం

కాకతీయుల పాఠం తీసుకోండి. క్యూఆర్ కోడ్‌తో పాఠం వీడియో ముక్క ఒకటి ముందు రోజు దించుకోండి. కివిక్స్‌లో రామప్ప గుడి వ్యాసం తెరవండి. క్రీ.శ. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021 జులైలో యునెస్కో వారసత్వ జాబితాలోకి వెళ్లింది, గోపురానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు. ఈ సంగతులు పిల్లలే వెతికి పట్టుకోవాలి, మీరు చెప్పేయకూడదు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల ఫొటోలు ప్యానెల్ మీద చూపించండి. లైబ్రరీ తాడు మీద ఆ వారం నీళ్లు, చెరువులు, చేపల కథలు తగిలించండి.

తర్వాత పిల్లల్ని తమ ఊరి చెరువు దగ్గరికి పంపండి. ఈ చెరువు ఎవరు తవ్వించారంటారు? తూములెన్ని, వాటి పేర్లేంటి? మత్తడి (అలుగు) చివరిసారి ఎప్పుడు దుంకింది? శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమిలో ఇప్పుడేముంది? ఈ ప్రశ్నలు ఇంట్లో ముసలివాళ్లను, చేపలు పట్టే ముదిరాజులను అడిగి రాసుకు రమ్మనండి. అడిగినవాళ్ల పేరు, ఊరు, తేదీ కింద రాయించండి. ఒకరు చెప్పినదానికి ఇంకొకరు చెప్పినది కలవకపోతే రెండూ రాయమనండి, చరిత్ర పాఠంలో ఇది చాలా విలువైన భాగం. వచ్చిన కాగితాలన్నీ కుట్టి, ఊరి చెరువు పేరే పుస్తకానికి పెట్టి, రిజిస్టర్‌లో నంబరు వేయండి. ఒక ప్రతి గ్రామ పంచాయతీకి ఇవ్వండి.

డబ్బు, కొనుగోళ్లు, బయటి సాయం

సమగ్ర శిక్ష లైబ్రరీ గ్రాంటు బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల వరకు ఉండేలా పెట్టారు. వచ్చిన ఏడాది అందులో కొంతైనా మీరే ఎంచుకుని ఖర్చు పెట్టగలిగితే ఈ లెక్కన కొనండి: సగం పచ్చ, ఎరుపు పుస్తకాలు, మిగతా సగంలో నీలం, పసుపు. చాలా బళ్లు దీనికి తిరగేసి లావుపాటి పుస్తకాలు కొంటాయి, చిన్నపిల్లలకు ఏమీ మిగలదు. నేషనల్ బుక్ ట్రస్ట్, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్, తూలికా వంటివాళ్లు తక్కువ ధరకు తెలుగులో, కొన్ని ఇంగ్లిష్-తెలుగు రెండు భాషల్లో వేస్తారు. రెండు భాషల పుస్తకాలు ఇప్పటి ఇంగ్లిష్ మీడియం పిల్లలకు బాగా అక్కరకొస్తాయి.

పూర్వ విద్యార్థులు సాయం చేస్తామంటే డబ్బు అడగకండి, పుస్తకాల జాబితా ఇవ్వండి. జాబితా లేకపోతే ఇంట్లో పాత గైడ్ల మూట తెచ్చి ఇస్తారు, అది మళ్లీ మూడో కుప్పే.

హనుమకొండలో 1904లో మొదలైన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది. నిజాం పాలనలో తెలుగు చదువుకు జాగా దొరకని రోజుల్లో జనం చందాలు వేసుకుని నిలబెట్టిన గ్రంథాలయమది. నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పై తరగతుల పిల్లల్ని అక్కడికో, మీ మండలంలోని శాఖా గ్రంథాలయానికో తీసుకెళ్లండి. వెళ్లే ముందు లైబ్రేరియన్‌తో మాట్లాడి, ప్రతి పిల్లా ఒక పుస్తకం తీసి కూర్చుని చదివే టైము అడగండి. చుట్టూ తిప్పి చూపించి బయటికి పంపేస్తే ప్రయాణ ఖర్చు దండగ.

ఏడాది చివర్లో, వేసవి పుస్తకాలు పంచేముందు, ఇష్యూ నోట్‌బుక్ ముందేసుకుని రెండు జాబితాలు రాయండి: అందరికన్నా ఎక్కువసార్లు ఇంటికి వెళ్లిన ఇరవై పుస్తకాలు, ఒక్కసారి కూడా కదలని పుస్తకాలు. మొదటి జాబితాలో చిరిగినవాటికి కొత్త ప్రతులు వచ్చే గ్రాంటులో తెప్పించండి. రెండో జాబితాలోవి పక్క బడితో మార్చుకోవడానికి చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశానికి తీసుకెళ్లండి. ఆ నోట్‌బుక్‌లో ఒక్కసారి కూడా పేరు లేని పిల్లలెవరో కూడా చూడండి. జూన్‌లో బడి తెరవగానే మొదటి లైబ్రరీ పీరియడ్‌లో మీరు పక్కన కూర్చోవాల్సింది వాళ్ల దగ్గరే.